లార్డ్ నార్త్: అప్పుల పాలైన ఒక కంపెనీ, దాని కోసం రెండు చట్టాలు, చేజారిన అమెరికా

క్లుప్తంగా: 1770 నుంచి 1782 దాకా బ్రిటన్ ప్రధానిగా ఉన్న లార్డ్ నార్త్ పేరు చెప్పగానే 'అమెరికాను పోగొట్టినవాడు' అన్న ముద్రే గుర్తొస్తుంది. భారత పాలనకు బ్రిటిష్ పార్లమెంటు వేసిన తొలి చట్రం, 1773 రెగ్యులేటింగ్ చట్టం కూడా ఆయనదే. అమెరికాలో తిరుగుబాటు రాజేసిన టీ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే, ఈస్టిండియా కంపెనీని అప్పుల్లోంచి గట్టెక్కించడం కోసమే. రెండు చట్టాల్లోనూ ఒకే లోపం కనిపిస్తుంది. కాగితం మీద అధికారం ఉంది, దాన్ని నడిపించే బలం లేదు. నార్త్ చివరి మంత్రి పదవి పోవడానికి దారితీసిన బిల్లు కూడా భారతదేశం గురించినదే.

2026 జూలై 4 నాటికి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఆ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఇంగ్లండ్ వైపు నుంచి రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి రాజు మూడో జార్జి, రెండోది ప్రధాని లార్డ్ నార్త్. ఇటు గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివేవాళ్లకు రెగ్యులేటింగ్ చట్టం కంఠతా వచ్చి ఉంటుంది. గవర్నర్ జనరల్, నలుగురు సభ్యుల కౌన్సిల్, కలకత్తా సుప్రీంకోర్టు అన్నీ బిట్లలో వచ్చేవే. అయితే బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్లపాలు కావడానికి కారణమైన చట్టం కూడా అదే ప్రభుత్వానిదని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. పాఠ్యపుస్తకాల్లో ఒకటి భారత చరిత్ర అధ్యాయంలో, మరొకటి ప్రపంచ చరిత్ర అధ్యాయంలో ఉండటమే ఇందుకు కారణం కావచ్చు. లండన్‌లో ఆ రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద ఉన్నాయి.

'లార్డ్' కామన్స్ సభలో ఎలా ఉన్నాడు?

చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే. బ్రిటన్‌లో ప్రభువులకు లార్డ్స్ సభ ఉంది. ఎన్నికైనవాళ్లు కూర్చునేది కామన్స్ సభలో. నార్త్ మాత్రం 1754 నుంచి 1790 దాకా, అంటే 36 ఏళ్లు, కామన్స్‌లోనే ఉన్నాడు. ప్రధానిగా బడ్జెట్లు చదివిందీ అక్కడే.

కారణం ఆయన తండ్రి. ఫ్రాన్సిస్ నార్త్‌కు 1752లో గిల్‌ఫర్డ్ ఎర్ల్ బిరుదు వచ్చింది. ఎర్ల్ పెద్దకొడుకును మర్యాదకు 'లార్డ్' అని పిలుస్తారు గానీ, తండ్రి బతికి ఉన్నంతకాలం చట్టం దృష్టిలో అతను సామాన్యుడే. అందుకే ఎన్నికల్లో నిలబడవచ్చు. తండ్రి 86 ఏళ్లు బతికి 1790లో పోయాడు. కొడుకు అసలైన ఎర్ల్‌గా ఉన్నది రెండేళ్లు మాత్రమే. 1792 ఆగస్టు 5న ఆయనా చనిపోయాడు.

తండ్రి దీర్ఘాయుష్షుకు ఇంకో పర్యవసానం ఉంది. ఆస్తి కొడుకు చేతికి రాలేదు, పెద్దాయన చెయ్యి విదిల్చే రకం కాదు. పెద్ద కుటుంబం, మంత్రి హోదాకు తగ్గ ఖర్చులు, చేతిలో సరిపడా డబ్బు లేకపోవడం. దేశ ఖజానాను నడిపే మనిషి సొంత అప్పులతో ఇబ్బంది పడ్డాడు. ఈ సంగతి తర్వాత రాజుకు బాగా పనికొచ్చింది.

ఆయన గెలిచిన నియోజకవర్గం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బాన్‌బరీ. అక్కడ ఓటర్లు మొత్తం 18 మంది, పట్టణ కార్పొరేషన్ సభ్యులు. మన దగ్గర పంచాయతీ వార్డు మెంబరుకైనా అంతకన్నా ఎక్కువ మంది ఓట్లు వేస్తారు. పక్కనే ఉన్న రాక్స్‌టన్‌లో నార్త్ కుటుంబం బంగళా ఉంది కాబట్టి ఆ 18 మందిని మంచి చేసుకోవడం కష్టమేమీ కాదు. ఆనాటి కామన్స్ సభలో ఇలాంటి సీట్లు కోకొల్లలు. 22వ ఏట ఆయన పార్లమెంటులో అడుగుపెట్టింది ఈ దారిలోనే.

రాజకుటుంబంతో దగ్గరితనం కూడా పుట్టుకతో వచ్చిందే. తండ్రి కొంతకాలం బాలుడైన జార్జి సంరక్షకుడిగా పనిచేశాడు. యువరాజు ఫ్రెడరిక్, అంటే జార్జి తండ్రి, నార్త్‌కు గాడ్‌ఫాదర్. నార్త్ సొంత పేరు కూడా ఫ్రెడరికే, అది అలా వచ్చిందే. రాజు, ప్రధాని చూడటానికి అన్నదమ్ముల్లా ఉండటంతో లండన్‌లో గుసగుసలు కూడా నడిచాయి. వాటికి ఆధారాలేమీ లేవు.

పదేళ్లలో ఆరుగురు, తర్వాత పన్నెండేళ్లు ఒక్కడే

మూడో జార్జి 1760లో గద్దెనెక్కాక తొలి పదేళ్లలో ప్రభుత్వాలు వరసగా మారాయి. న్యూకాజిల్, బ్యూట్, గ్రెన్‌విల్, రాకింగ్‌హామ్, చాథమ్, గ్రాఫ్టన్. ఒకరు రాజుకు నచ్చలేదు, ఒకరికి సభలో మెజారిటీ లేదు, ఒకరికి ఆరోగ్యం సహకరించలేదు. 1770 జనవరిలో గ్రాఫ్టన్ తప్పుకున్నాక పగ్గాలు నార్త్ చేతికి వచ్చాయి. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. రెండేళ్లకు పైగా ఆర్థిక మంత్రి.

అందరూ ఇదీ నాలుగు నెలల ముచ్చటే అనుకుని ఉంటారు. పన్నెండేళ్లు నిలబడింది. ఆనాటి లెక్కలో ప్రధాని కావాలంటే రెండు కావాలి. రాజు నమ్మకం ఒకటి, కామన్స్ సభను ఒప్పించే నేర్పు రెండోది. అంతకు ముందువాళ్లలో చాలామందికి ఏదో ఒకటే ఉంది, నార్త్‌కు రెండూ ఉన్నాయి. లెక్కలు నోటికి చెప్పేవాడు. ప్రతిపక్షం ఎంత తిట్టినా కోపం తెచ్చుకునేవాడు కాదు. సభలో కునుకు తీసే అలవాటు ఉండేది. దేశం ఇంత ఆపదలో ఉంటే ప్రధాని నిద్రపోతున్నాడని ఒక సభ్యుడు విరుచుకుపడితే, నిజంగా నిద్రపట్టి ఉంటే ఎంత బాగుండేదో అని కళ్లు తెరవకుండానే జవాబిచ్చాడని చెప్పుకుంటారు. ఇలాంటి మనిషిని ద్వేషించడం శత్రువులకు కూడా కష్టమైంది.

అయితే ఆయన తనను ప్రధాని అని పిలవనిచ్చేవాడు కాదు. బ్రిటిష్ రాజ్యాంగంలో అలాంటి పదవే లేదనేవాడు. దీన్ని వినయం కింద కొట్టిపారేయకూడదు. ఆయన పాలన పద్ధతి అంతా ఈ మాటలో ఉంది. యుద్ధం వచ్చినప్పుడు సైన్యం సంగతి జార్జి జెర్మేన్ చూసుకున్నాడు, నౌకాదళం సంగతి శాండ్‌విచ్ ఎర్ల్ చూసుకున్నాడు. ఇద్దరి మధ్యా పొత్తు కుదర్చాల్సినవాడు తనకు ఆ అధికారం లేదనుకున్నాడు. ఆర్థిక శాఖ నడపడం, సభలో ప్రభుత్వాన్ని సమర్థించడం, తన పని అంతవరకేనని గీత గీసుకున్నాడు. శాంతి కాలంలో ఈ పద్ధతి బాగానే నడిచింది.

కంపెనీ ఎందుకు మునిగింది?

1765లో బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, దక్కాక ఈస్టిండియా కంపెనీకి ఇక డబ్బే డబ్బు అని లండన్‌లో అందరూ నమ్మారు. ప్రభుత్వం కూడా నమ్మింది. 1767లో ఏడాదికి 4 లక్షల పౌండ్లు ఖజానాకు కట్టేలా ఒప్పందం చేసుకుంది. వాటాదారులు డివిడెండు పెంచమని పట్టుబట్టారు. అది పన్నెండున్నర శాతం దాకా పోయింది.

వసూళ్లు మాత్రం ఆ ఊహలకు అందలేదు. హైదర్ అలీతో యుద్ధం వార్త 1769లో లండన్ చేరగానే షేర్ల ధర కుప్పకూలింది. 1770లో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చి లక్షల మంది చనిపోయారు. సైన్యం ఖర్చు పెరుగుతూ పోయింది. ఉద్యోగులు సొంత వ్యాపారాలతో, కానుకల పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ముతో ఇంటికి వెళ్తున్నారు. కంపెనీ గుమస్తా ధనవంతుడవుతుంటే కంపెనీ బీదదవుతోంది. దీనికి తోడు 1772 జూన్‌లో లండన్‌లో బ్యాంకుల సంక్షోభం వచ్చి అప్పు పుట్టడం ఆగిపోయింది. అప్పటికి కంపెనీ గోదాముల్లో కోటి డెబ్బై లక్షల పౌన్ల తేయాకు పడి ఉంది. మన లెక్కలో ఏడు వేల టన్నులకు పైనే. డచ్చి వ్యాపారుల దొంగ సరుకు చవగ్గా దొరుకుతుంటే పన్నులు కట్టిన కంపెనీ టీని కొనేవాళ్లు తగ్గిపోయారు.

కంపెనీ ప్రభుత్వం ముందు చెయ్యి చాచింది. దాన్ని మునిగిపోనిస్తే ఖజానాకు వచ్చే సొమ్ము పోతుంది, లండన్ డబ్బు మార్కెట్ పడిపోతుంది, బెంగాల్ ఏమవుతుందో తెలియదు. ప్రభుత్వమే స్వాధీనం చేసుకుందామంటే ఒక ప్రైవేటు సంస్థ చార్టర్ హక్కులను కాలరాస్తున్నారని ప్రతిపక్షం గోల పెడుతుంది. పైగా ఆ ఉద్యోగాలన్నీ రాజు చేతిలో పడితే పార్లమెంటునే కొనేస్తాడన్న భయం ఉంది. నార్త్ మధ్యేమార్గం ఎంచుకున్నాడు. 14 లక్షల పౌండ్ల అప్పు ఇచ్చి, అది తీరేదాకా డివిడెండుకు ఆరు శాతం పరిమితి పెట్టి, బదులుగా కంపెనీ పాలన మీద పార్లమెంటు చెయ్యి వేసేలా చేశాడు.

రెగ్యులేటింగ్ చట్టం ఏం చేసింది, ఏం వదిలేసింది

చట్టం ప్రకారం బెంగాల్ గవర్నర్ ఇక గవర్నర్ జనరల్. వారన్ హేస్టింగ్స్‌ను ఏడాదికి 25 వేల పౌండ్ల జీతంతో నియమించారు. కౌన్సిల్లోని నలుగురికి తలా 10 వేలు. క్లావరింగ్, మాన్సన్, ఫ్రాన్సిస్ ఇంగ్లండ్ నుంచి వచ్చారు, బార్వెల్ అప్పటికే ఇక్కడ ఉన్నాడు. ఉద్యోగులు కానుకలు తీసుకోకూడదు, పాలకులు సొంత వ్యాపారం చేయకూడదు. 1774లో కలకత్తాలో సుప్రీంకోర్టు పెట్టారు, ఎలైజా ఇంపే ప్రధాన న్యాయమూర్తి. లండన్‌లో కంపెనీ వాటాదారుడికి ఓటు కావాలంటే 500 పౌండ్ల బదులు 1,000 పౌండ్ల వాటా ఉండాలి. డైరెక్టర్ల పదవీకాలం నాలుగేళ్లు చేశారు.

జీతాల అంకెలు చూస్తే ఉద్దేశం తెలుస్తుంది. అక్రమంగా సంపాదించాల్సిన అవసరం లేనంత జీతం ఇస్తే అక్రమం ఆగుతుందన్నది లెక్క. ఆర్థిక మంత్రి ఆలోచన అది. ఎవరి మాట చెల్లాలన్న దగ్గరే చట్టం తప్పటడుగు వేసింది. కౌన్సిల్లో ఏ నిర్ణయమైనా మెజారిటీతో జరగాలి. గవర్నర్ జనరల్‌కు అందరిలాగే ఒక ఓటు, సమానంగా చీలితే ఇంకో ఓటు. కొత్తగా దిగిన ముగ్గురూ మొదటి రోజు నుంచే హేస్టింగ్స్‌కు ఎదురుతిరిగారు. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. దీంతో భారతదేశంలో అత్యున్నత అధికారి అనిపించుకున్నవాడు రెండేళ్ల పాటు తన కౌన్సిల్లోనే ఓడిపోతూ వచ్చాడు. 1776లో మాన్సన్, మరుసటేడు క్లావరింగ్ చనిపోయాకే ఆయన చేతులకు కట్లు వీడాయి. ఫ్రాన్సిస్‌తో గొడవ మాత్రం 1780లో పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం దాకా వెళ్లింది. కోర్టుకూ కౌన్సిల్‌కూ మధ్య హద్దులు కూడా చట్టం సరిగా చెప్పలేదు. 1781లో సవరణ చట్టం తేవాల్సి వచ్చింది.

గుంటూరు బయటపెట్టిన లొసుగు

మద్రాసు, బొంబాయి గవర్నర్లు యుద్ధం చేయాలన్నా సంధి చేసుకోవాలన్నా గవర్నర్ జనరల్ అనుమతి తీసుకోవాలని చట్టం చెప్పింది. అయితే తక్షణ అవసరం ఉంటే అక్కర్లేదు, లండన్ నుంచి నేరుగా ఆదేశం వస్తే అక్కర్లేదు. ఈ మినహాయింపులతో షరతుకు అర్థం లేకుండా పోయింది. దీని ఫలితం తెలుగు నేల మీదే కనిపించింది.

1766 ఒప్పందంతో నిజాం నుంచి ఉత్తర సర్కారులు కంపెనీకి వచ్చాయి, ఏటా పేష్కష్ (కప్పం) చెల్లించాలన్న షరతుతో. గుంటూరు సర్కారు మాత్రం నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు. ఆయన బతికున్నంతకాలం ఆయన దగ్గరే ఉండాలి, తర్వాతే కంపెనీకి రావాలి. 1779లో మద్రాసు గవర్నర్ థామస్ రంబోల్డ్ అంతకాలం ఆగలేదు. నిజాంకు చెప్పకుండా, కలకత్తాను అడగకుండా బసాలత్ జంగ్‌తో నేరుగా మాట్లాడి గుంటూరును గుత్తకు తీసుకున్నాడు. దాన్ని పదేళ్లకు ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీకి గుత్తకు ఇచ్చేశాడు. పైగా సర్కారులకు చెల్లించాల్సిన పేష్కష్ మాఫీ చేయమని నిజాంనే అడిగించాడు.

నిజాంకు ఒళ్లు మండింది. మరాఠాలతో, హైదర్ అలీతో కలిసి కంపెనీకి ఎదురు నిలిచే ఆలోచనలకు ఊపు వచ్చింది. గుంటూరుకు పంపిన దళం హైదర్ చేతిలో ఉన్న కడప ప్రాంతం గుండా పోబోవడం ఆయన్ను కూడా రెచ్చగొట్టింది. హేస్టింగ్స్ కలుగజేసుకుని గుంటూరు తిరిగి ఇచ్చేయమన్నాడు. రంబోల్డ్ తర్వాత మద్రాసు బాధ్యతలు చూసిన వైట్‌హిల్ దాన్ని నాన్చాడు. చివరికి 1780లో ఆయన్ను కలకత్తా నుంచే సస్పెండ్ చేయాల్సి వచ్చింది. ఈలోపు జరగాల్సింది జరిగిపోయింది. ఆ ఏడాది జూలైలో హైదర్ ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటక ప్రాంతం మీద విరుచుకుపడ్డాడు. గుంటూరు నుంచి దక్షిణానికి నడిచి వస్తున్న కల్నల్ బెయిలీ సైన్యం సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర తుడిచిపెట్టుకుపోయింది.

ఈ యుద్ధానికి కారణాలు చాలా ఉన్నాయి, నింద అంతా ఒక చట్టం మీద వేయలేం. అయినా మద్రాసు ఇష్టారాజ్యంగా పోతుంటే సమయానికి ఆపగల సాధనం హేస్టింగ్స్ చేతిలో లేదన్నది వాస్తవం. అదే మద్రాసులో 1776లో సొంత కౌన్సిల్ సభ్యులే గవర్నర్ లార్డ్ పిగాట్‌ను నిర్బంధించారు. మరుసటి ఏడాది ఆయన నిర్బంధంలోనే చనిపోయాడు. అప్పటికి రెగ్యులేటింగ్ చట్టం అమల్లోకి వచ్చి రెండేళ్లు.

మూడు పెన్నీలు

ఇక రెండో మందు. గోదాముల్లో పేరుకున్న టీని అమెరికాలో అమ్మేస్తే? 1773 మేలో వచ్చిన టీ చట్టం చేసింది ఇదే. అమెరికాకు పంపే తేయాకు మీద ఇంగ్లండ్‌లో కట్టిన సుంకం వెనక్కి ఇచ్చేస్తారు. కంపెనీ లండన్ వేలంలో వర్తకులకు అమ్మకుండా అమెరికాలో తన ఏజెంట్ల ద్వారా నేరుగా అమ్ముకోవచ్చు. ధర పడిపోయి డచ్చి దొంగ సరుకుతో పోటీపడే స్థాయికి వస్తుంది.

వినడానికి బాగుంది. చిక్కంతా అమెరికా రేవుల్లో పౌను టీ మీద వసూలు చేసే మూడు పెన్నీల సుంకం దగ్గర. అది 1767లో అప్పటి ఆర్థిక మంత్రి టౌన్‌షెండ్ వేసిన పన్నుల్లో మిగిలిన ఒక్కటి. మిగతావాటిని రద్దు చేయాలని 1770 మార్చి 5న సభలో ప్రతిపాదించింది నార్తే. యాదృచ్ఛికంగా సరిగ్గా ఆ రోజునే బోస్టన్‌లో సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. టీ మీద పన్ను ఉంచాలా వద్దా అన్నది అంతకు ముందు ఏడాది మంత్రివర్గంలో ఓటింగుకు వచ్చింది. ఉంచాలని ఐదుగురు, వద్దని నలుగురు. నార్త్ ఐదుగురిలో ఉన్నాడు, అప్పటి ప్రధాని గ్రాఫ్టన్ నలుగురిలో.

1773లో ఆ పన్ను ఎత్తేయడానికి చక్కటి అవకాశం వచ్చింది. ఇంగ్లండ్‌లో సుంకం తగ్గించండి గానీ అమెరికాలో ఈ మూడు పెన్నీలు వదిలేయండి, లేకపోతే వాళ్లు టీ తీసుకోరు అని సభలో ప్రతిపక్ష సభ్యుడు డౌడ్స్‌వెల్ హెచ్చరించాడు. నార్త్ వినలేదు. దానికి రెండు కారణాలు. ఆ సొమ్ముతో అమెరికాలో గవర్నర్లకు, జడ్జిలకు జీతాలిస్తే వాళ్లు స్థానిక శాసనసభల దయ మీద బతకనక్కర్లేదు. రెండోది, పన్ను వేసే హక్కు పార్లమెంటుకు ఉందన్న గుర్తు నిలిచి ఉంటుంది.

టీ చవకైతే జనం ఎందుకు కాదన్నారని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. చవక కావడమే వాళ్ల భయం. చవకని కొంటే పన్ను కట్టినట్టే, పన్ను కడితే తాము ఎన్నుకోని సభకు ఆ హక్కు ఉందని ఒప్పుకున్నట్టే. ఇక ఏజెంట్ల పద్ధతి వల్ల ఊళ్లోని టీ వ్యాపారులు, దొంగ సరుకు తెచ్చేవాళ్లు ఇద్దరి పొట్టా కొట్టినట్టయింది. ఆదర్శం ఉన్నవాళ్లు, లాభం పోయినవాళ్లు ఒకే పక్షాన చేరారు. అంతకు ముందు వాళ్లు ఇంతగా కలిసింది లేదు. 1773 డిసెంబరు 16 రాత్రి డార్ట్‌మత్, ఎలినార్, బీవర్ అనే మూడు ఓడల్లోని మూడు వందలకు పైగా టీ పెట్టెలను బోస్టన్ రేవులో పారబోశారు.

నార్త్ ప్రభుత్వం జవాబుగా 1774లో బోస్టన్ రేవు మూసేసింది, మసాచుసెట్స్ పాలన హక్కులను కుదించింది. ఒక ఊరిని శిక్షిస్తే మిగతా కాలనీలు బుద్ధి తెచ్చుకుంటాయని అంచనా. మిగతా కాలనీలు బోస్టన్ వెనక నిలబడ్డాయి. 1775 ఫిబ్రవరిలో నార్త్ రాజీ ప్రతిపాదన ఒకటి తెచ్చాడు. ఏ కాలనీ తన రక్షణ, పాలన ఖర్చుకు తానే డబ్బు సమకూరుస్తుందో ఆ కాలనీ మీద పార్లమెంటు పన్ను వేయదు. అది అట్లాంటిక్ దాటేసరికి ఏప్రిల్ వచ్చింది, లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలైపోయింది.

కలకత్తాలోనూ బోస్టన్‌లోనూ జరిగింది పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక దొరుకుతుంది. గవర్నర్ జనరల్‌కు పేరు ఇచ్చారు, తన కౌన్సిల్‌ను కాదనే హక్కు ఇవ్వలేదు. అమెరికాలో పన్ను వేసే హక్కుకు గుర్తుగా మూడు పెన్నీలు ఉంచారు, వసూలు చేసే యంత్రాంగం లేదు, ఒప్పించే ప్రయత్నమూ లేదు. లండన్‌లో ప్రధాని ఉన్నాడు, తాను ప్రధానిని కానంటాడు. మూడు చోట్లా అధికారం పేరుకే ఉంది.

పోతానంటే పోనివ్వని రాజు

1777 అక్టోబరులో సరటోగా దగ్గర జనరల్ బర్గోయిన్ సైన్యం లొంగిపోయింది. నాలుగేళ్ల కిందట కామన్స్‌లో క్లైవ్ మీద విచారణను ముందుండి నడిపింది కూడా ఈ బర్గోయినే. మరుసటి ఏడాది ఫ్రాన్స్, 1779లో స్పెయిన్, 1780 చివర డచ్చివాళ్లు బ్రిటన్‌తో యుద్ధంలోకి దిగారు. 1778లో నార్త్ టీ సుంకం రద్దు చేశాడు, రాజీకి కమిషనర్లను పంపాడు. స్వాతంత్ర్యం తప్ప ఏదైనా ఇస్తామన్నారు. అమెరికన్లకు అప్పటికి అది తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

సరటోగా తర్వాత నార్త్ రాజుకు రాసిన ఉత్తరాల్లో పదే పదే ఒకటే మాట. ఈ భారం మోయలేను, నన్ను వదిలేయండి. తన స్థానంలో చాథమ్‌ను పిలవమని కూడా సూచించాడు. రాజు ఒప్పుకోలేదు. మరి నాలుగేళ్లు ఎందుకు ఉండిపోయాడు?

ఒక కారణం డబ్బు. 1777లో నార్త్ సొంత అప్పులు తీర్చడానికి రాజు 20 వేల పౌండ్ల దాకా ఇస్తానని ముందుకొచ్చాడు. మరుసటి ఏడాది సింక్ పోర్ట్స్ వార్డెన్ అనే ఆదాయం ఉన్న పదవి కట్టబెట్టాడు. ఉపకారం పొందిన మనిషి మధ్యలో వదిలేసి పోవడం మర్యాద కాదన్న భావం ఆయనకు బలంగా ఉంది. రాజుకు అది తెలుసు. రెండో కారణం రాజుకు ఇంకో దిక్కు లేకపోవడం. నార్త్ పోతే ప్రతిపక్షం వస్తుంది, అది వస్తే అమెరికా స్వతంత్రమవుతుంది. అందుకే నార్త్ ఉండాలి. ఆయనను రాజు చేతిలో కీలుబొమ్మ అనేవాళ్లున్నారు. అది పూర్తి నిజం కాదు. అమెరికా మీద పార్లమెంటు అధికారం విషయంలో ఆయనది మొదటి నుంచీ రాజు అభిప్రాయమే. యుద్ధం గెలవగలమన్న నమ్మకం మాత్రం రాజుకన్నా నాలుగేళ్ల ముందే పోయింది.

ఈ మధ్యలో ఇంట్లో కుంపట్లు వేరే. 1780 ఏప్రిల్‌లో రాజు పలుకుబడి పెరిగింది, పెరుగుతోంది, తగ్గించాలి అన్న డన్నింగ్ తీర్మానం 233–215 ఓట్లతో నెగ్గింది. జూన్‌లో క్యాథలిక్ వ్యతిరేక గార్డన్ అల్లర్లతో లండన్ తగలబడింది. విచిత్రంగా అల్లర్లే ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. ఆస్తిపరులు భయపడి ప్రభుత్వం వైపు తిరిగారు, ఆ ఏడాది ముందస్తు ఎన్నికల్లో నార్త్ గట్టెక్కాడు.

1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. నవంబరు 25న వార్త లండన్ చేరింది. దేవుడా, అంతా అయిపోయింది అని నార్త్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ అన్నాడని జెర్మేన్ తర్వాత చెప్పాడు. ఫిబ్రవరి 27న యుద్ధం ఆపాలన్న తీర్మానం సభలో 19 ఓట్ల తేడాతో నెగ్గింది. మార్చి 15న అవిశ్వాస తీర్మానం నుంచి ప్రభుత్వం తొమ్మిది ఓట్లతో బయటపడింది. ఇంకో తీర్మానం మార్చి 20న రావాల్సి ఉండగా, అది ఓటుకు రాకముందే నార్త్ లేచి రాజీనామా ప్రకటించాడు. సభ విశ్వాసం కోల్పోయిన ప్రధాని తప్పుకోవాలన్న సంప్రదాయానికి తొలి ఉదాహరణగా దీన్నే చూపిస్తారు. సభ అర్ధరాత్రి దాకా నడుస్తుందని అందరూ బండ్లు ఇళ్లకు పంపేస్తే, సంగతి ముందే తెలిసిన నార్త్ ఒక్కడే బండి సిద్ధంగా ఉంచుకున్నాడు. చలిలో నిలబడ్డ సభ్యులతో, రహస్యం ముందే తెలిస్తే ఉండే లాభం ఇదేనని నవ్వుతూ వెళ్లిపోయాడట.

శత్రువుతో పొత్తు, మళ్లీ భారతదేశం

దిగిపోయాక రాజు ప్రేమ అరువుదని తేలింది. 1780 ఎన్నికల ఖర్చుకు బ్యాంకరు డ్రమండ్ దగ్గర తెచ్చిన 30 వేల పౌండ్ల అప్పు నార్త్ పేరున ఉంది. అది నా పూచీ కాదని రాజు చేతులు దులుపుకున్నాడు.

1783 ఏప్రిల్‌లో నార్త్ చార్లెస్ జేమ్స్ ఫాక్స్‌తో చేతులు కలిపాడు. యుద్ధం నడిచినన్నాళ్లూ ఆయనను విచారణ బోనులో నిలబెట్టాలన్నవాడు ఈ ఫాక్సే. పేరుకు పోర్ట్‌లండ్ డ్యూక్ ప్రధాని, నార్త్ హోం మంత్రి, ఫాక్స్ విదేశాంగ మంత్రి. సిద్ధాంతాలు గాలికి పోయాయని లండన్ దుమ్మెత్తిపోసింది. అంకెల పరంగా చూస్తే ఇది అర్థంకానిదేమీ కాదు. కామన్స్‌లో మూడు పక్షాలు, ఏ ఒక్కదానికీ మెజారిటీ లేదు. యుద్ధం ముగిసింది కాబట్టి ఇద్దరి మధ్య ప్రధాన వివాదమూ ముగిసింది. పొత్తు ప్రభుత్వాలు అలవాటైన పాఠకులకు ఇందులో ఆశ్చర్యపడటానికి ఏమీ ఉండదు.

రెగ్యులేటింగ్ చట్టంలోని లోపాలు సరిచేస్తామంటూ ఆ నవంబరులో వచ్చిందే ఫాక్స్ ఇండియా బిల్లు. దాని వెనుక బుర్రంతా ఎడ్మండ్ బర్క్‌ది. కంపెనీ పాలన, దాని నియామకాలు ఏడుగురు కమిషనర్ల చేతిలో పెట్టాలన్నారు. ఆ ఏడుగురి పేర్లూ బిల్లులోనే రాశారు. అందరూ తమవాళ్లే. నార్త్ పెద్దకొడుకు కూడా అందులో ఉన్నాడు. సంస్కరణ ఎంత మంచిదైనా ఈ జాబితాతో ప్రత్యర్థుల చేతికి కర్ర ఇచ్చినట్టయింది. కామన్స్ ఆమోదించింది. లార్డ్స్‌లో ఈ బిల్లుకు ఓటేసినవాణ్ని నా శత్రువుగా చూస్తానని టెంపుల్ ఎర్ల్ ద్వారా రాజు కబురు పంపాడు. డిసెంబరు 17న బిల్లు 95–76 ఓట్లతో వీగిపోయింది. మరుసటి రాత్రే మంత్రులకు ఉద్వాసన. నార్త్ మళ్లీ మంత్రి కాలేదు. చివరి ఏళ్లలో చూపు పూర్తిగా పోయింది. అమెరికా విషయంలో తనను ఉతికి ఆరేసిన కల్నల్ బారేకు కూడా చూపు పోయింది. ఒకసారి ఎదురుపడ్డప్పుడు, మనిద్దరం ఒకరినొకరు చూసుకోగలిగితే ఇంతకన్నా సంతోషం ఉండదని నార్త్ అన్నాడని ప్రసిద్ధి.

ఎవరు సరిచేశారు?

నార్త్ ఖాతాలో మంచి కూడా కొంత వేయాలి. యుద్ధ కాలంలో జాతీయ రుణం దాదాపు రెట్టింపైన మాట నిజమే. ఆ యుద్ధం నడుస్తుండగానే 1780లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కమిషన్‌ను వేసిందీ ఆయనే. దాని నివేదికల మీద ఆధారపడి తర్వాతి సంస్కరణలు చేసిన పేరు మాత్రం తర్వాత ప్రధాని అయిన చిన్న పిట్‌కు దక్కింది.

భారతదేశంలోనూ అంతే. 1784లో చిన్న పిట్ తెచ్చిన చట్టం కంపెనీ నియామకాలను కంపెనీకే వదిలి, విధానాల మీద మాత్రం లండన్‌లో ప్రభుత్వ బోర్డు ఆఫ్ కంట్రోల్‌ను కూర్చోబెట్టింది. మద్రాసు, బొంబాయిల మీద కలకత్తా పట్టు బిగించింది. 1786లో ఇంకో చట్టంతో గవర్నర్ జనరల్ తన కౌన్సిల్ మాటను తోసిపుచ్చే అధికారం వచ్చింది. హేస్టింగ్స్‌కు 1773లో దొరకనిది ఇదే. దాన్ని మొదట అందుకున్నవాడు యార్క్‌టౌన్‌లో ఓడి వచ్చిన కార్న్‌వాలిస్. ఆయన హయాంలోనే 1788లో గుంటూరు సర్కారు నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చింది. బెంగాల్‌లో 1793లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు విధానాన్ని 1802 నుంచి ఉత్తర సర్కారుల జమీందారీలకు కూడా వర్తింపజేశారు.